వెనక కుడి చక్రం పక్కన నా కాపురం

నేను ఒక షాక్ అబ్జార్బర్‌ని. మీరు నన్ను చూసి ఉండరు. చూడవలసిన అవసరం రాకుండా చేయడమే నా ఉద్యోగం. చక్రం పక్కన, బురద గడ్డకట్టిన చీకట్లో, మూర పొడవున నిలబడి ఉంటాను. ఒక గొట్టం, గొట్టంలో నూనె, ఆ నూనెలో దిగుతూ లేస్తూ ఉండే ఒక కడ్డీ. ఇంతే నా ఒళ్లు. గొయ్యి వచ్చినప్పుడు బండి కింది కమాన్ కట్టలు, అంటే ఇనుప పట్టీల స్ప్రింగులు, నొక్కుకుపోయి, మరుక్షణం పగబట్టినట్టు ఎగురుతాయి. వాటి ఇష్టానికి వదిలేస్తే బండి నాలుగైదు సార్లు ఊగిగానీ ఆగదు. అక్కడ నేను అడ్డం పడతాను. నా కడ్డీ పైకి రావాలంటే లోపలి నూనె సూదిబెజ్జాల్లాంటి కన్నాల్లోంచి ఒదిగి ఒదిగి దూరాలి. ఆ తంటాలో కుదుపు చచ్చిపోయి వేడి పుడుతుంది. వేడి నాది. పైన కూర్చున్నవాళ్లు మాత్రం రోడ్డు బాగుందని మెచ్చుకుంటారు.

తమిళనాడు సరిహద్దులో ఒక పొడవాటి షెడ్డులో పుట్టాను. నీలం కోటు వేసుకున్న ఒక అమ్మాయి నన్ను రెండు చేతులతో పట్టుకుని రెండుసార్లు నొక్కి, రెండుసార్లు లాగి, నడుం మీద పసుపు గీత గీసింది. అదే నాకు జరిగిన బారసాల. నాతోపాటు నాలాంటివాళ్లే ముగ్గురు. నలుగురినీ ఒకే అట్టపెట్టెలో పడుకోబెట్టి హైదరాబాదు పంపారు. అక్కడ ఒక దుకాణంలో పై అరలో చాలాకాలం దుమ్ము తిన్నాం.

మమ్మల్ని కొన్న ఆసామికి దేశం చూడాలని కోరిక. నాలుగు చక్రాలనీ ఇంజనే తిప్పే కొండరోడ్ల వ్యాను ఒకటి సంపాదించి, దాని వెనక భాగాన్ని ఇల్లు చేశాడు. పొయ్యి, నీళ్ల తొట్టి, మడత బల్ల, వెనకాల అడ్డంగా మంచం, కిటికీకి జాలరు తెర. బ్యాటరీలకి, చిన్న ఫ్రిజ్‌కి చోటు చాలక డ్రైవరు పక్క సీటు పీకించేశాడు. అన్నీ అమరాక చూసుకుంటే ఆ ఇంట్లో భార్య కూర్చోవడానికి సీటు లేదు. ఆవిడ రెండు ప్రయాణాలు మంచం మీద పక్కకి తిరిగి కూర్చుని వచ్చింది. మూడో ప్రయాణానికి రానంది. దేశం చూడాలన్న కోరిక అక్కడితో తీరింది. బండి అమ్మకానికి పెట్టారు.

అలా నేను గౌరునాయుడి చేతికి వచ్చాను.

గౌరునాయుడిది శృంగవరపుకోట దగ్గర ఊరు. తేనెటీగలు పెంచుతాడు. ఈ వృత్తిలో పూత ఎక్కడుంటే కాపురం అక్కడ. ఎండాకాలం నువ్వుచేల దగ్గర, వానల తరువాత పొద్దుతిరుగుడు చేల దగ్గర, చలి మొదలయ్యే వేళకి అరకు కొండల మీద వలిసెపూల మధ్య. పెద్ద తేనెపెట్టెలు అద్దె లారీలో వెళతాయి. చిన్నవి ఒక డజను మాత్రం మా బండిలోనే వస్తాయి. వాటిలో రాణి ఈగలుంటాయి. రాణుల్ని పెంచి తోటి పెంపకందారులకి ఇవ్వడంలో గౌరునాయుడికి మంచి పేరుంది. అందుకే ఆ పెట్టెల్ని పసిబిడ్డల్లా చూసుకునేవాడు. బండికి నట్టనడుమ, ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్యన, గడ్డి పరిచి పేర్చేవాడు.

నిజం పసిబిడ్డ వెనక మంచం మీద ఉండేది.

ఆ బిడ్డ పేరు బుల్లి. పదకొండో నెల. దాని తల్లి రత్నం, గౌరునాయుడి భార్య. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానిన పిల్ల, ఇంకా ఇరవై రెండు నిండలేదు. చక్రం పక్కనుంచి బండి లోపల కనపడదు గానీ పైన ఎవరు ఎలా కూర్చున్నారో, ఎంతసేపటికోసారి లేస్తున్నారో నాకు తెలుస్తుంది. రత్నం ఒకచోట కుదురుగా కూర్చోగా నేను ఎరగను. బిడ్డ పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. లేస్తే ఒళ్లు వెచ్చగా ఉందేమోనని చూసేది. పాలు తాగకపోతే ఎందుకు తాగలేదని బెంగ, తాగితే కక్కుతుందేమోనని బెంగ.

కక్కేది. బండి కదిలిన ప్రతిసారీ కక్కేది. ఆ తప్పులో నాకూ వాటా ఉంది, దాచుకోను. ఈ ఇంటిని మోయడానికి నన్ను ఎన్నుకోలేదు. ఖాళీ వ్యానుకి సరిపోయేవాణ్ని నేను. ఆ బరువు కింద మూడేళ్లు నలిగి నూనె కక్కడం మొదలుపెట్టాను. నా ముగ్గురు తోబుట్టువులదీ అదే కథ. గొయ్యి దాటాక బండి మా మాట వినడం మానేసి నాలుగుసార్లు ఊగేది. పైన బిడ్డ, కింద మేము. ఎవరి కక్కు వాళ్లది.

వలిసెపూలకి బయలుదేరడానికి అయిదు రోజుల ముందు బండి ఊళ్లో అంగన్వాడీ ముందు ఆగింది. అక్కడ టీచరు బంగారమ్మ, గౌరునాయుడికి అక్క. ఇద్దరు కొడుకులూ హాస్టల్లో చదువుకుంటున్నారు. ఊరి పిల్లలందరి బరువూ ఆవిడకి కంఠతా వచ్చు. బుల్లిని గుడ్డ ఊయలలో కూర్చోబెట్టి తూకం కొక్కేనికి తగిలించింది. ముల్లు చూసింది. కార్డు తీసి చూసింది. మళ్లీ ముల్లు చూసింది.

"రెండు నెల్లయినాది, గీత ఇక్కడే ఉండిపోనాది. ఏటి పెడతన్నావు దీనికి?"

"అన్నీ పెడతన్నాను వొదినా. గుడ్డు, జావ, నా పాలు. ఉండనిత్తేనా. బండెక్కితే సాలు, తిన్నదంతా నా బుజం మీదే."

బంగారమ్మ కోప్పడలేదు. కోప్పడి ఉంటే రత్నానికి అంత భయం వేసేది కాదు. కార్డు మడిచి తమ్ముడి వైపు తిరిగింది.

"ఒరే గౌరీ, మీరు కొండకెల్లండి. బుల్లిగుంట నాకాడుంటాది. పూత అయిపోనాక వొచ్చి తీసుకెల్లండి."

"మూడు నెల్లు వొదినా," అంది రత్నం.

"అయితే ఏటి? నానేమైనా పులినా?"

"ఇంకా పాలు తాగతన్నాది."

"పాలు మానిపిత్తాను. ఇలగ ఎండిపోయేకంటే పాలు మానితే తప్పేటి?"

ఆవిడ అన్నది అబద్ధం కాదు. రత్నానికి అదీ తెలుసు. అందుకే బిడ్డని ఊయలలోంచి తీసుకుని గట్టిగా హత్తుకుంది. గౌరునాయుడు నేల చూశాడు. ఆఖరికి నామీద పడ్డాడు.

"బండి షాకులు పోనాయి అప్పా. మార్సేత్తాను. అప్పుడు ఊగదు," అన్నాడు అక్కతో.

"సరే. బాగు సేయించి తీసుకురా. నానూ బండెక్కుతాను. శృంగవరపుకోట నుంచి కొండ ఘాటీలో మూడో మలుపు దాకా ఎల్లి వొద్దాం." అంది బంగారమ్మ. " గుంట కక్కకుండా తిరిగొత్తే తీసుకెల్లండి. కక్కిందో, అక్కణ్నుంచి అక్కడే నాతో వొచ్చేత్తాది. మల్ల ఏడవకూడదు, రత్నం."

రత్నం తల ఊపింది. ఊపినప్పుడు బండి మెట్టు మీద నిలబడి ఉంది. ఆ వణుకు నా దాకా వచ్చింది.

ఇక మా నలుగురికీ బదులు ఎవరిని పెట్టాలన్న రచ్చ మొదలైంది. మనుషుల్లో ఒక చిత్రం చూశాను. వస్తువు సంగతి తెలియనప్పుడు గట్టిదే మంచిదని నమ్ముతారు. గౌరునాయుడు అనకాపల్లి స్నేహితుడి దగ్గర, బెల్లం లారీలకి వేసే షాకులు నాలుగు పట్టుకొచ్చాడు. ఒక్కొక్కటి నాకు రెట్టింపు లావు. వాటిని చూస్తే నాకే సిగ్గేసింది.

శృంగవరపుకోటలో, ఘాటీ రోడ్డు మొదట్లో ఖాదర్ మేస్త్రి షెడ్డు ఉంది. నెరిసిన గడ్డం, మెడలో తువ్వాలు, నోట్లో ఎప్పుడూ ఒక అగ్గిపుల్ల. బెల్లం లారీ షాకుల్ని చేత్తో ఎత్తి చూసి అగ్గిపుల్ల ఈ పక్క నుంచి ఆ పక్కకి తోశాడు.

"ఇవి మీ బండి మొయ్యడానికా నాయుడూ, కొండ మొయ్యడానికా?"

"బిగించు మేస్త్రీ. ఊగకపోతే సాలు. తేనెపట్టు ఊగితే రాణి నలిగిపోద్ది. పిల్లా అంతే."

మమ్మల్ని విప్పి షెడ్డు గోడ వారన పడేశారు. మొదటిసారి బండి నేను లేకుండా కదిలింది. దాని వెనకభాగాన్ని అంతదాకా నేను చూసిందే లేదు. బాగుందనిపించింది. అసూయ కూడా వేసింది. ఆ లావువాళ్ల చేతిలో నా గొయ్యి, నా గతుకు ఏమవుతాయోనని స్థిమితం లేకుండా పడి ఉన్నాను.

అరగంటలో తిరిగి వచ్చింది. బండి ఊగడం లేదు, నిజమే. గెంతుతోంది. చిన్న రాయి తగిలినా వెనకభాగం మొత్తం చెక్కపెట్టెలా ఎగిరి పడుతోంది. దిగిన రత్నం భుజం తడిసి ఉంది. జుట్టు ఊడిపోయి ఉంది. బుల్లి ఏడవడానికి కూడా ఓపిక లేక తల్లి మెడలో మొహం దాచుకుంది.

"మా అప్ప లేదుగదా, ఇది లెక్కలోకి రాదు," అన్నాడు గౌరునాయుడు.

"మీ అప్పకి లెక్క అక్కర్నేదు మావా. గుంట మొకం సూత్తే సాలు."

"మరేటి సెయ్యమంటావే? మెత్తవి ఊగుతాయి, గట్టివి గెంతుతాయి. నానేటి, షాకులు కడుపున కంటానా?"

ఖాదర్ నవ్వాడు. రత్నం నవ్వలేదు. షెడ్డు ముందు పాత టైరు మీద కూర్చుని బిడ్డ మూతి తుడుస్తూ ఉండిపోయింది. లారీ షాకులు తిరిగిచ్చేయాలి కాబట్టి ఖాదర్ వాటిని విప్పి మమ్మల్నే మళ్లీ ఎక్కించాడు. మనుషులు వదిలేసినదాన్ని తిరిగి తెచ్చుకునేటప్పుడు దానిని ఒక మాట అడగరు. బోల్టు బిగించడమే.

ఆ మధ్యాహ్నమంతా రత్నం పుల్లతో మట్టిలో ఏవో గీతలు గీసి చెరుపుతూ కూర్చుంది. మూడు నెలలంటే ఎన్ని రోజులో లెక్కేసిందేమో. నడక మొదటి అడుగులు ఎవరి ముంగిట్లో పడతాయో అనుకుందేమో. పాలు మానిన బిడ్డ తిరిగొచ్చాక తన ఒడి గుర్తుపడుతుందా అని మాత్రం నోరు తెరిచే ఖాదర్‌ని అడిగింది. ఖాదర్ ఆమెకి టీ తెప్పించాడు. టీ తాగుతూ ఉన్నట్టుండి తలెత్తింది.

"మేస్త్రీ, మా వొదిన గుంటని తూసేగానీ ఏటి పెట్టాలో సెప్పదు. ఈ బండిని ఎవులైనా తూసేరా?"

"తూసేదేటమ్మా. కంపెనీ పుస్తకంలో రాసుంటాది బరువు. దాన్ని బట్టే షాకులు."

"పుస్తకం రాసినప్పుడు లోపల ఇల్లు లేదు గదా."

అగ్గిపుల్ల కదలడం ఆగిపోయింది. ఖాదర్ బండి వైపు చూశాడు, మొదటిసారి చూస్తున్నట్టు. ముప్పై ఏళ్లుగా షాకులు మారుస్తున్న మనిషి. బండి పేరు అడిగాడు, మోడల్ అడిగాడు, దాని పొట్టలో ఏముందో ఏనాడూ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే కంకర లారీలు తూచే కాటా మీదికి తీసుకెళ్లారు. తేనెడబ్బాలు, పంచదార బస్తాలు, నీళ్లు, గ్యాసు, గిన్నెలు, అన్నీ ప్రయాణానికి ఉన్నట్టే ఉండాలని రత్నం పట్టుబట్టింది. మొదట ముందు చక్రాలు మాత్రం కాటా మీద పెట్టించింది. తరువాత బండి మొత్తం. కాటా గుమస్తాకి విసుగొచ్చింది.

"ఏటమ్మా ఇది, సగం సగం తూకం? సగం బండి అమ్ముతారేటి?"

"సగం బండే నా గుంటని సంపుతోంది బాబూ. ఏ సగమో సూత్తన్నాను."

మొత్తంలోంచి ముందుది తీసేసింది. ఎనిమిదో తరగతి మధ్యలో ఆగినా తీసివేత ఆగలేదు. రెండుసార్లు చేసింది, నమ్మకం కుదరక మూడోసారి గుమస్తా చేత చేయించింది. బండి బరువులో మూడొంతుల్లో రెండొంతులకి పైగా మా ఇద్దరి నెత్తినే ఉంది, నాదీ వెనక ఎడమవాడిదీ. మూడేళ్లుగా నేను అరుస్తున్న మాట కాటా ఒక్క చీటీలో చెప్పేసింది.

ఖాదర్ బండి చుట్టూ తిరిగి వెనక తలుపు తీశాడు. నీళ్ల తొట్టి వెనక చక్రాలకి అవతల. పంచదార బస్తాలు మంచం కింద. తేనెడబ్బాలు వాటి పక్కన. ఆ మంచం మీదే తల్లీబిడ్డా. నడుమ మాత్రం గడ్డి మీద రాణిపెట్టెలు.

"ఇదిగో నాయుడూ. తోకకి రాళ్లు కట్టేవు. సక్రానికి వెనకాలున్నదేదైనా ఎగిరితే రెట్టింపు ఎగురుతాది. బండిలో మెత్తటి సోటంటే నడుమే. ఆ సోటు ఈగలకిచ్చేవు."

గౌరునాయుడి మొహం ఎర్రబడింది. "అవి మా తిండి మేస్త్రీ. ఒక్క రాణి నలిగిందంటే ఒక పెట్టె పోద్ది."

"పెట్టెలో పట్లు ఎలగ నిలబెడతావు మావా?" అని అడిగింది రత్నం.

"ఎలగేటి, దారికి నిలువుగా. అడ్డంగా పెడితే బ్రేకేసినప్పుడు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. నీకు తెల్దా?"

"తెలుసు. నువ్వే నేర్పినావు." ఆమె బిడ్డని ఆ చంక నుంచి ఈ చంకకి మార్చుకుంది. "మరి మన మంచం ఎలగున్నాది?"

గౌరునాయుడు బండిలోకి చూశాడు. మంచం అడ్డంగా ఉంది. దేశం చూడాలనుకున్న ఆసామి పెట్టించినచోటే, అడ్డంగానే ఉంది. ప్రతి బ్రేకుకీ బుల్లి మంచం ఆ అంచుకీ ఈ అంచుకీ పొర్లుతూనే ఉంది. పెట్టె మూత తీయకుండానే లోపల రాణి ఎలా ఉందో చెప్పగలిగినవాడు, కళ్లెదురుగా ఉన్న మంచాన్ని చూడలేదు. అతను చెడ్డవాడు కాదు. చేతికి అలవాటైన పని కంటిని కాస్త మూస్తుంది. ఈ జబ్బు నేను హైదరాబాదు నుంచీ చూస్తున్నదే.

"ఈగల్నేటి సేత్తావు మరి?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"మంచం నిలువుగా తిప్పి, పెట్టెలు పరుపు మీద పెడదాం. రాణులు గదా, పరుపు మీద పడుకోనీ. నానూ గుంటా నడుమ కూకుంటాం, దారి వైపు మొకం పెట్టి."

ఖాదర్ తుక్కులోంచి ఒక పాత జీపు సీటు, బెల్టుతో సహా, లాగి తెచ్చి నడుమ బోల్టులతో బిగించాడు. నీళ్ల తొట్టి ముందుకు జరిగింది. బస్తాలు చక్రాల మధ్యకి వచ్చాయి. మళ్లీ కాటా. గుమస్తా ఈసారి తనే దిగి వచ్చి బండిలోకి తొంగి చూశాడు. వెనక బరువు దిగింది, ముందు పెరిగింది. ఆ చీటీ పట్టుకుని కూర్చున్నాకగానీ షాకుల ఎంపిక మొదలు కాలేదు.

ఖాదర్ విశాఖపట్నం ఫోన్ చేసి బస్సులో మూడు రకాలు తెప్పించాడు. బల్ల మీద వరసగా పెట్టాడు. ఒకటి వెండిరంగు, చూడ్డానికి పెళ్లికొడుకులా ఉంది. ఒకటి సన్నం. ఒకటి నల్లగా, మోటుగా.

"నొక్కి సూడమ్మా," అన్నాడు.

రత్నం బిడ్డని భర్తకిచ్చి, కొంగు దోపి, ఒక్కొక్క కడ్డీనీ రెండు చేతులతో నొక్కింది, లాగింది. వెండిరంగుది నొక్కితే దిగదు. సన్నది దిగినంత వేగంగానూ లేస్తుంది. నల్లది దిగేటప్పుడు తేలిగ్గా దిగింది, లేచేటప్పుడు మాత్రం ఎంత లాగినా తొందరపడలేదు. ఆమె మళ్లీ లాగింది. మళ్లీ లాగింది.

"నిద్దరోయిన గుంటని మంచం మీద ఏసి, సెయ్యి మెల్లగా తీత్తాం సూడు మేస్త్రీ. అలగున్నాది ఇది."

"అదే షాకంటే," అన్నాడు ఖాదర్. "నానిన్నేళ్లుగా ఇంకోలా సెప్తన్నాను."

"నాలుగూ ఇవే కావాల?"

"అందరూ నాలుగూ ఒకటే ఏత్తారు."

"ముందు బరువొకటీ, ఎనక బరువొకటీ అయితే నాలుగూ ఒకటే ఎలగవుతాయి?"

ఖాదర్ చీటీ తీసి చూశాడు. నల్లవాటిలోనే రెండు మోతాదులున్నాయి. ముందుకి తేలికవి, వెనక్కి బలమైనవి. రేపు బంగారమ్మ వస్తుంది. ఈ సాయంత్రానికే బిగించేస్తానన్నాడు.

నన్ను విప్పింది రత్నం చూస్తుండగానే. ఖాదర్ నన్ను పైకెత్తి తలకిందులు చేశాడు. మిగిలిన నూనె నేల మీద చుక్కలు చుక్కలుగా కారింది. "పాపం, దీని పని కాదిది. మోసింది ఇన్నాళ్లు," అన్నాడు. నా బతుకులో ఒక మనిషి నా గురించి అన్న మంచి మాట అదొక్కటే. తుక్కు మూలలో, గోడకి ఆనించి నిటారుగా నిలబెట్టాడు. అక్కణ్నుంచి రోడ్డు కనిపిస్తుంది.

మర్నాడు పది గంటలకి బంగారమ్మ ఆటో దిగింది. నడుమ సీట్లో రత్నాన్ని కూర్చోనివ్వలేదు, తనే కూర్చుని బిడ్డని ఒడిలోకి తీసుకుంది. "నా ఒళ్లో కక్కాల, నాకు తెలియాల," అంది. రత్నం పక్కన నేల మీద, బస్తాకి ఆనుకుని కూర్చుంది. తలుపు మూశారు. బయలుదేరే ముందు రత్నం చేతిగాజు కిటికీకి తగిలి టిక్కుమంది.

బండి ఘాటీ వైపు వెళ్లిపోయింది.

ఇక నేను చెప్పగలిగింది ఎదురుచూపు ఒక్కటే. మూడో మలుపు దాకా ప్రతి గొయ్యీ నాకు తెలుసు. కల్వర్టు దగ్గర పగిలిన తారు, జీడితోట ముందు వరసగా మూడు గతుకులు, మొదటి మలుపులో కొండరాళ్లు దొర్లిన చోటు. నేనిప్పుడు వాటి మీద లేను. కడ్డీ బిగుసుకుని నిలబడి ఒక్కొక్కటీ లెక్కపెట్టుకున్నాను. ఇప్పుడు కల్వర్టు దాటి ఉంటారు. ఇప్పుడు జీడితోట. నల్లవాడు నిలబడి ఉంటాడా, లేక అతను కూడా మాటలే చెప్పే రకమా. నా స్థానం కాజేసినవాడు గెలవాలని కోరుకోవడం ఎంత చిత్రమైన బాధో మీకు చెప్పలేను. గంటయింది. ఖాదర్ కూడా పని చేయడం లేదు, ఒకే బోల్టుని తుడుస్తున్నాడు.

బండి వచ్చింది. తలుపు తెరుచుకుంది. బంగారమ్మ దిగింది. బుల్లి ఆవిడ భుజం మీద ఉంది. కదలడం లేదు. ఆవిడ బిడ్డ గౌను వాసన చూసింది, తన చీర చూసుకుంది, మెడ వెనక తడిమింది. రత్నం దిగి, బండి పట్టుకుని నిలబడింది.

"నిద్దరోయినాది," అంది బంగారమ్మ. "రెండో మలుపు కాడే నిద్దరోయినాది."

గౌరునాయుడు వెనక తలుపు తీసి, జల్లెడ టోపీ పెట్టుకుని ఒక పెట్టె మూత ఎత్తాడు. కాసేపు చూశాడు. "రాణి తిరుగుతోంది," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "గుడ్లు పెడతన్నాది కూడా."

బంగారమ్మ బిడ్డని వెంటనే ఇవ్వలేదు. ఒక అడుగు రోడ్డు వైపు వేసింది, మళ్లీ వెనక్కి వచ్చింది. అప్పుడిచ్చింది. రత్నం అందుకుని, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. అదొక్కటి ఏ షాకూ మార్చలేదు.

"కొండ మీద అంగన్వాడీ ఉంటాది. నెల నెలా తూయించు. కార్డు ఫొటో తీసి నాకు పంపు. గీత పైకెల్లకపోతే నానే బస్సెక్కి వొచ్చేత్తాను, సెప్తన్నాను."

"రా వొదినా. గీత పైకెల్లినా రా."

బండి అరకు వైపు కదిలింది. కల్వర్టు దాటి, జీడితోట చాటుకి వెళ్లేదాకా ముగ్గురం చూశాం, ఖాదర్, బంగారమ్మ, నేను.

ఊరికి ఆటో రావడానికి ఇంకా టైముంది. బంగారమ్మ నీడకోసం తుక్కు మూలకి వచ్చింది. కూర్చోడానికి ఏదీ లేక గోడకి చేరబడి నేల మీదే కూర్చుంది.

"మంచి పనే సేసేరమ్మా," అన్నాడు ఖాదర్.

"మంచో సెడ్డో. మొన్ననే ఇంటికాడ ఉయ్యాల కట్టీసినాను మేస్త్రీ. దూలానికి. తాడు కొత్తది, ముడి గట్టిగా ఏసీసినాను. ఇప్పుడు ఇప్పీయాల."

ఖాదర్ షెడ్డులోకి వెళ్లిపోయాడు. ఆవిడ చెయ్యి దేనికోసమో వెతికింది. అరగంట క్రితం దాకా ఒక నిద్రపోయిన బిడ్డని మోసిన చెయ్యి అది, ఖాళీగా ఎలా ఉండాలో దానికింకా తెలియలేదు. వెతికి వెతికి నా కడ్డీ తలమీద ఆగింది. నాలో నూనె దాదాపు లేదు. ఉన్న ఆ నాలుగు చుక్కలతోనే, ఆవిడ బరువుని పట్టుకుని మెల్లగా, నాకు చేతనైనంత మెల్లగా దిగాను. ఆటో వచ్చి ఆవిడ చెయ్యి తీసే దాకా పైకి లేవలేదు.